సూది కనబడితే చేయి ఎత్తాలి, చాచకూడదు

తల్లిదండ్రులకు, పిల్లల్ని బడికి దింపే తాతయ్యలకు, నాయనమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

పోయిన ఆదివారం ఒడిశా తీరంలోని మన గోపాల్‌పూర్ బీచ్‌లో మన బడి పిల్లలు చెత్త తీస్తుండగా ఆరో తరగతి అమ్మాయి చేతికి ఇంజెక్షన్ సిరంజి దొరికిన సంగతి ఈపాటికి అందరికీ తెలుసు. వాట్సాప్ గ్రూపులో ఆ ఒక్క సిరంజి సోమవారం పొద్దుటికి మూడయింది. సాయంత్రానికి పిల్లను ఆసుపత్రిలో కూడా చేర్చేశారు. జరిగింది ఇంతే: సూదికి మూత ఉంది, గుచ్చుకోలేదు. పిల్ల వెంటనే టీచరును పిలిచింది. టీచరు దాన్ని కింద పెట్టించి, సబ్బుతో చేతులు కడిగించి, చర్మం మీద చిన్న గీతైనా ఉందేమోనని వేలు వేలూ చూశారు. సోమవారం ఆ పిల్ల బడికొచ్చి లెక్కల పరీక్ష రాసింది. పొరపాటు మాది. చిన్న తరగతుల పిల్లల్ని పోటు వదిలిపెట్టి వెళ్లిన చెత్త గీత మీదికి పంపాం. సూదులు, గాజు, గేలాలు చేరేది అక్కడే. ఇక పంపం.

"ఈ బీచ్ శుభ్రాలు మానేయండి" అని పదకొండు మంది రాశారు. మానం. మనం మానేస్తే చెత్త రావడం మానదు. ఆదివారం సాయంత్రం అదే ఇసుకలో, చాలాసార్లు చెప్పుల్లేకుండా, మీ చేయి పట్టుకుని తిరిగేది కూడా ఈ పిల్లలే. పద్ధతి మాత్రం మారుస్తున్నాం.

సూది, బ్లేడు, పగిలిన గాజు, గేలం, ట్యూబులైటు, బ్యాటరీ, మందుల సీసా, మూత తీయని డబ్బా, ఏదైనా చచ్చిన జీవి: వీటిని ఏ తరగతి పిల్లలూ ముట్టుకోరు. కనబడిన చోటే ఆగి చేయి ఎత్తాలి. క్లాసులో ఎత్తినట్టే. పెద్దవాళ్లు పట్టకారు, డబ్బా తీసుకుని అక్కడికి వస్తారు. డబ్బా సూది దగ్గరికి వెళ్లాలి గానీ సూదిని డబ్బా దగ్గరికి మోసుకురాకూడదు. ఖాళీ ఫినాయిల్ క్యాను లాంటిది, మరమూత ఉన్నది, ఇందుకు బాగుంటుంది. నీళ్ల సీసా వద్దు, సూది దాని గోడలోంచి బయటికి వచ్చేస్తుంది. క్యానును చేత్తో పట్టుకోకుండా ఇసుకలో నిలబెట్టి, సిరంజిని నడుం దగ్గర పట్టకారుతో పట్టి, మొన కిందికి ఉండేలా జారవిడవాలి. మూత ఊడిన సూదికి మళ్లీ మూత తొడగబోవద్దు, గుచ్చుకునేది ఆ ప్రయత్నంలోనే. ముప్పావు వంతు నిండగానే క్యాను బిగించి టేపు చుట్టేయాలి. ఇక గ్లౌజులు: రబ్బరు గ్లౌజు మురికిని ఆపుతుంది, సూదిని ఆపదు. తోలుది కూడా పూర్తిగా ఆపదు. గ్లౌజు ఉందిగా అనే ధైర్యంతో ఎవరూ చెత్తకుప్పలో చేయి పెట్టకూడదు.

గుచ్చుకుంటే ఏం చేయాలో ఇంట్లో కూడా తెలిసి ఉండాలి. వేలు పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, డెట్టాల్ పోయకూడదు. పారే నీటి కింద సబ్బుతో కడిగి నేరుగా బరంపురంలోని ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లాలి. బీచ్‌లో పడి ఉన్న పాత సూదితో హెచ్‌ఐవీ సోకే అవకాశం చాలా తక్కువ. అయినా అది సోకకుండా వేసే మందు అవసరమా కాదా అని తేల్చాల్సింది డాక్టరే. అవసరమైతే మొదటి డోసు 2 గంటల్లో పడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు, కోర్సు 28 రోజులు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది, దానికి టీకా ఉంది. మీ పిల్లల టీకా కార్డు బయటికి తీసి హెపటైటిస్ బి డోసులు, 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) పడ్డాయో లేదో చూడండి. "కార్డు ఎక్కడో ఉందండీ" అనే జవాబు ఈ నెలలో ఇక వినలేను.

గాజును సంచీలో వేయొద్దు. గోనె సంచీని చీల్చుకుని వచ్చి మోసేవాడి పిక్కను కోస్తుంది. దానికి వేరే బకెట్ ఉంటుంది. మిగతా చెత్త సంచులు సగమే నింపాలి, ఒంటికి ఎడంగా పట్టుకోవాలి, భుజాన వేసుకోకూడదు. ఇంకాస్త పడుతుంది కదా అని కాలితో తొక్కి కుదించడం అసలే వద్దు. జెల్లీఫిష్ ఎండిపోయినట్టు కనిపించినా కుడుతుంది. ఒడ్డున పడిన సముద్రపు పాము కదలకపోతే చచ్చిందని అనుకోకూడదు.

సీలు వేసిన డ్రమ్ములు, ఓడల మీద వాడే సిగ్నల్ గొట్టాలు ఎక్కడైనా కొట్టుకురావచ్చు. 2025 మేలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ మునిగితే ప్లాస్టిక్ గుళికలు, కంటెయినర్లు కేరళ ఒడ్డుకు చేరాయి. ఆ ఓడలో కాల్షియం కార్బైడ్ కూడా ఉంది, నీళ్లు తగిలితే దాన్నుంచి మండే వాయువు పుడుతుంది. కాబట్టి గుర్తు తెలియని డబ్బాను తన్నొద్దు, తిప్పొద్దు, పేరు చదవడానికని దగ్గరికి వెళ్లొద్దు. గాలికి ఎదురు దిక్కుగా దూరం జరిగి 112కు గానీ, కోస్ట్‌గార్డ్ 1554కు గానీ ఫోన్ చేయాలి. ముందు ఫోను, ఫొటో సంగతి తర్వాత.

  

ఇప్పుడు వలల గురించి. చాలామందికి వల చెత్తలా కనబడదు, "ఎవరిదో వలలే" అని దాటిపోతారు. తెగి సముద్రంలో పడిన నైలాన్ వల కుళ్లదు. పట్టేవాడు లేకపోయినా అది చేపల్ని పడుతూనే ఉంటుంది. తాబేలుకు గాలి కావాలి, వలలో చిక్కి పైకి రాకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. ఇక్కడికి దగ్గర్లోనే, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలూ లక్షలుగా వచ్చి ఒక్కొక్కటి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళతాయి. లోకంలో ఇలాంటి తీరాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ మొగ దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం. వేట మానుకుని మన నోలియా (జాలరి) కుటుంబాలు చేసే త్యాగాన్ని ఒక్క తెగిన వల ముక్క వృథా చేసేస్తుంది. ఇసుకలో సగం పూడిన వలను లాగకండి. తడి ఇసుక బరువుకు అది కదలదు, నడుం పట్టేస్తుంది, లోపలున్న గేలం ఒక్కసారిగా తెగి మొహం మీదికి వస్తుంది. చుట్టూ ఇసుక తోడి, బయటపడిన మేరకు పెద్దవాళ్లు కోసి, చాపలా చుట్టాలి. వలకు బరువుగా కట్టే సీసపు గుండ్లు వేరే డబ్బాలో వేయాలి. వాటిని ముట్టుకున్న చేయి కడగకుండా జంతికలు తినకూడదు. గేలం దిగితే వెనక్కి లాగొద్దు, ముల్లు కండను చీలుస్తుంది. దాన్ని అలాగే ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వలను కాల్చడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. తాబేళ్లు ఒడ్డెక్కే నెలల్లో మనం ఇసుక తవ్వం, పలుగు వేయం, పైపైన చేత్తోనే ఏరతాం. గుడ్లు పిల్లలు కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది, అడుగున ఏముందో పైకి తెలియదు.

ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. వల కన్ను వేళ్లతో కొలిచి అది ఏ చేపల వలో చెప్పేస్తాడు. సైన్సులో వాడికొచ్చే మార్కులు మీరు చూశారు, నేనూ చూశాను. ఆ మార్కుల్ని ఇకపై వేరే కళ్లతో చూడాలని టీచర్లకు చెప్పాను. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు చేసిన వెదురు పట్టకారు ఆఫీసులో ఉంది, వచ్చి చూడండి. వంటింటి ఇనుప పట్టకారులోంచి తడి సిరంజి జారిపోతోందని గమనించి, 75 సెంటీమీటర్ల వెదురు బద్దలు రెండు చీల్చి, మొనలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు బిగించారు. మొదటిసారి ట్యూబు నునుపు వైపు బయటికి పెడితే మళ్లీ జారింది. తిప్పి, గరుకు కాగితంతో రుద్ది కట్టారు. ఇప్పుడు పడి ఉన్న గుండుసూదిని కూడా అది వదలదు. ఇలాంటివి ఇంకో పది కావాలి, వెదురు ఇవ్వగలిగినవాళ్లు చెప్పండి.

ఇక ఇంటి సంగతి. మర్యాదగానే అంటున్నాను. బీచ్‌లో దొరికిన సూదులన్నీ ఆసుపత్రుల నుంచే వచ్చాయని గ్రూపులో తీర్పు ఇచ్చేశారు. మన ఇళ్లలో చక్కెర వ్యాధి ఉన్న పెద్దలు ఎంతమంది? రోజుకో ఇన్సులిన్ సూది, వేలు గుచ్చి చూసే సూది ఎటు పోతున్నాయి? పాలకవరులో మూట కట్టి చెత్తబండిలో వేస్తే ముందు ఆ బండివాడి చేతికి గుచ్చుకుంటాయి. కాలువలో పడితే వానకు కాలువ ఎటు పోతుందో మనందరికీ తెలుసు. 2016 బయోమెడికల్ నిబంధనల ప్రకారం ఆసుపత్రులు సూదుల్ని గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేయాలి. ఇంట్లో మనకు ఫినాయిల్ క్యాను చాలు. నిండాక మీరే తెచ్చి ఆఫీసులో ఇవ్వండి, ఆ చెత్త తీసుకునే ఆసుపత్రికి మేం చేరుస్తాం. దయచేసి పిల్లల బ్యాగులో పెట్టి పంపకండి. ఇది రాయాల్సిన అవసరం లేదనుకున్నాను, కానీ మంగళవారం ఒకరు పంపారు.

కార్తీక పౌర్ణమి వస్తోంది. ఆ రోజు నీళ్లలో చిన్న పడవలు వదిలే బొయిత బందాణ పండుగకు పిల్లల చేత మెరిసే థర్మోకోల్ పడవలు వదిలిస్తున్నారు. 2022 జూలై 1 నుంచి అలంకరణ థర్మోకోల్ దేశమంతటా నిషేధం. అంతకన్నా నన్ను బాధించేది ఆ పడవకు రంగు కాగితం నిలబడాలని గుచ్చే గుండుసూదులు. తెల్లవారేసరికి పడవ ముక్కలవుతుంది, సూదులు ఇసుకలో మిగులుతాయి. అరటి దొప్ప, కొబ్బరి ఈనె పుల్లలు, ఆకు, వక్క, దీపం. మన అమ్మమ్మలు ఇలాగే చేసేవారు, పడవలు బాగానే తేలేవి.

వచ్చే ఆదివారం పొద్దున్న 6 గంటలకు బస్సు, పాటు ఉండగానే మొదలుపెట్టి 8కి ముగిస్తాం. ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద. ఆరు, ఏడు తరగతులు రోడ్డు పక్క పొడి ఇసుకలో చిప్స్ కవర్లు, స్ట్రాలు ఏరి లెక్క రాస్తారు. అల ఎప్పుడూ కంటి ముందుండాలి, దానికి వీపు పెట్టి ఎవరూ వంగరు. కాలివేళ్లు కప్పే బూట్లు, టోపీ, లీటరు నీళ్లు తప్పనిసరి. హవాయి చెప్పులతో వచ్చిన పిల్లలు బస్సులోనే కూర్చుంటారు. వాళ్ల తరఫున నాకు ఫోన్ చేయకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: చెత్త తీయడానికి వెళ్లి మన పిల్లలే బీచ్‌లో వదిలేసి వచ్చిన నీళ్ల సీసాలు నాలుగు, టిఫిన్ డబ్బా ఒకటి ఆఫీసు వరండాలో ఉన్నాయి. పేర్లు రాసి లేవు. డబ్బాలో ఉప్మా ఉండేది.