పది దాటాక మోగాల్సింది ఏ ఫోను?

సంపాదకులకు,

ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి పది దాటాక వచ్చే ‘అర్జెంట్’ సందేశాల్లో చాలావాటికి మర్నాడు జవాబిచ్చినా కొంపలేం మునగవు. కానీ ఆ మోతకే నిద్రపట్టబోయే మనిషి ధ్యాస మళ్లీ పనిమీదికి పోతుంది. జవాబివ్వకపోయినా నిద్ర చెడినట్టే. పనివేళల తర్వాత స్పందించకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి చట్టంలో ఉంది. మన పార్లమెంటులో ఇదే హక్కు కోసం 2018లో ఎంపీ సుప్రియా సూలే పెట్టిన ప్రైవేటు మెంబరు బిల్లు చట్టం కాలేదు.

ఊళ్లో పెద్దలకేమైనా అయితే తెలియదేమోనని చాలామంది ఫోను సైలెంట్‌లో పెట్టరు. ఆ భయం అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో ఫోను మోగకుండా ఆపే ‘డూ నాట్ డిస్టర్బ్’కు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా షెడ్యూలు పెట్టి, స్టార్ పెట్టుకున్న కాంటాక్టులనూ ‘రిపీట్ కాలర్స్’నూ అనుమతించండి. అదే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి వచ్చిన కాల్ మోగుతుంది. అలారాన్ని ఆపేయకుండా చూసుకోండి. గ్రూపును మ్యూట్ చేస్తే సరిపోదు, మీ పేరు ట్యాగ్ చేస్తే నోటిఫికేషన్ వస్తుంది.

మరి పై అధికారులు ఏం చేయొచ్చు? జీమెయిల్‌లో ‘షెడ్యూల్ సెండ్’ ఉంది, అర్ధరాత్రి రాసినా ఉదయం 9కి పంపొచ్చు.

వారాల తరబడి నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

– ఒక పాఠకుడు, విజయవాడ