అమ్మ పళ్ల సెట్టుకి కొలత తీసే ముందు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఉభయకుశలోపరి. మీ బావ, పిల్లలు క్షేమం. నా పని ఎప్పటిలాగే ఉంది, దాని గురించి రాయడానికేం లేదు. అమ్మ పళ్ల సంగతి ఫోన్లో తేలేది కాదని కూర్చుని రాస్తున్నాను.

పైన పూర్తి సెట్టుకి, కింద పార్షియల్‌కి ఇంప్రెషన్, అంటే నోటి అచ్చు, నువ్వే తీస్తానన్నావని నాన్న చెప్పారు. సంతోషం రా. కానీ సొంతవాళ్ల నోట్లో అచ్చు పదార్థం నింపిన ట్రే పెట్టినప్పుడు చెయ్యి తొందరపడుతుంది. వాళ్లు మొహం చిట్లించగానే గట్టిపడీ గట్టిపడకముందే బయటికి లాగేస్తాం. పెద్దత్తయ్య సెట్టు ఇవాళ్టికీ డబ్బాలోనే ఉందంటే ఎందుకో నీకు తెలుసు. అమ్మది అలా కాకూడదు.

ముందు ఒక మాట. ఈ వారం కొలత తీయకు. నువ్వు పంపిన ఫోటోలో అంగిలి ఎర్రగా ఉంది, ఆ ఎరుపు సరిగ్గా పాత సెట్టు అంచు దగ్గర ఆగిపోయింది. రాత్రీ పగలూ తీయకుండా పెట్టుకున్నందువల్ల వచ్చిందది. వాచిన చిగురుకి కొలత తీస్తే సెట్టు ఆ వాపుకే సరిపోతుంది, వాపు దిగాక వదులైపోతుంది. అంటే తప్పు ల్యాబ్‌లో కాదు, మొదటి రోజే జరిగిపోతుంది. రాత్రిళ్లు సెట్టు తీసి నీళ్లలో వేయించు, మెత్తటి బ్రష్షుతో, సబ్బునీళ్లతో లోపలివైపు తోమించు. తగ్గకపోతే ఫంగస్ మందు ఇవ్వు. పాత సెట్టు లోపల టిష్యూ కండిషనర్ (చిగురుకి ఊరటనిచ్చే మెత్తటి పూత) వేసి, కొన్ని రోజులకోసారి మారుస్తూ ఉండు. రంగు మామూలుగా మారాకే మొదలుపెట్టు. ఫైనల్ ఇంప్రెషన్‌కి ముందు ఒక రోజంతా సెట్టు తీసి ఉంచాలి. అమ్మ పళ్లు లేకుండా ఎవరి ముందుకీ రాదు కదా, ఆ రోజు ఇంటికి ఎవరినీ పిలవకండి.

పై దవడ ముందు భాగాన్ని అద్దం వెనకవైపుతో నొక్కి చూశావా? కదులుతుందని నా అనుమానం. కింద ముందున్న ఆరు సొంత పళ్లే ఇన్నేళ్లూ పై సెట్టు ముందు భాగాన్ని కొడుతూ వచ్చాయి. అలా ఉన్నప్పుడు అక్కడి ఎముక కరిగి, మెత్తటి కండ మాత్రమే మిగులుతుంది. కెల్లీ అనే దంతవైద్యుడు 1972లో రాసింది ఇదే. ఆ కండని గట్టి మెటీరియల్‌తో అణిచి కొలత తీస్తే, సెట్టు పెట్టిన ప్రతిసారీ అది లాగి వదిలిన రబ్బరులా మళ్లీ లేచి సెట్టుని కిందికి తోస్తుంది. అందుకే అమ్మకి ప్రైమరీ (మొదటి కొలత) గట్టి కాంపౌండ్‌తో వద్దు, నీళ్లలో కలిపే మెత్తటి ఆల్జినేట్ పొడితో తియ్యి.

ట్రే చిగురుకి అన్నివైపులా 5 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా చూసుకో. వెనక హామ్యులర్ నాచ్‌ల (పై దవడ చివర రెండువైపులా ఉండే పల్లాల) దాకా రావాలి, చాలకపోతే మైనం అతికించి పొడిగించు. ఆల్జినేట్ డబ్బా ముందు కుదిపి, లోపలి ధూళి సర్దుకున్నాక మూత తియ్యి. గిన్నెలో ముందు నీళ్లు, తర్వాత పొడి. కొలత ఆ కంపెనీ చెంచాతోనే, కంటి అంచనాతో కాదు. నీళ్లు 20 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. వేడిగా ఉంటే ట్రే నోట్లోకి వెళ్లేలోపే గట్టిపడుతుంది. గిన్నె గోడకేసి నొక్కుతూ 45 సెకన్ల నుంచి ఒక నిమిషం కలుపు, పలుకు ఉండకూడదు. అంగిలి మీది జిగట లాలాజలాన్ని గాజుగుడ్డతో తుడిచి, నడిమి లోతులో, బుగ్గల పక్కన వేలితో కాస్త పూసి, అప్పుడు ట్రే పెట్టు. లేకపోతే గాలి అక్కడే చిక్కుకుంటుంది. వెనకవైపు ముందు ఆనించి, తర్వాత ముందువైపు నొక్కాలి. మిగిలింది పెదవుల వైపుకి వస్తుంది, గొంతు వైపు పోదు. గట్టిపడింది అనిపించాక కూడా రెండు మూడు నిమిషాలు పట్టుకో, దాని బలం ఆ కాసేపట్లోనే పెరుగుతుంది. తీసేటప్పుడు అటూ ఇటూ ఊపకుండా ఒక్క ఊపులో తియ్యి. కడిగి, 1 శాతం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి, వెంటనే అందులో స్టోన్ (నమూనా కోసం పోసే గట్టి ప్లాస్టర్) పొయ్యి. బయట ఆరితే కుంచించుకుపోతుంది, నీళ్లలో వదిలేస్తే ఉబ్బుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగక తప్పకపోతే తడి గుడ్డలో చుట్టి ఉంచు.

ఈ ముక్క అమ్మకి చదివి వినిపించు. అమ్మా, డోకు వస్తుందని భయపడుతున్నావని తెలుసు. కింది దవడది ముందు తీయమంటాను, అది సులువు, నీకు అలవాటవుతుంది. పైది తీసేటప్పుడు వెనక్కి వాలకు, నిటారుగా కూర్చుని తల కొంచెం ముందుకి వంచు. ముక్కుతో నెమ్మదిగా, గట్టిగా ఊపిరి పీల్చు. ఒక కాలు నేల మీంచి కాస్త పైకెత్తి, దించకుండా మనసు దాని మీదే పెట్టు. లాలాజలం మింగక్కర్లేదు, ముందుకి కారనీ, తమ్ముడు గిన్నె పట్టుకుంటాడు. అది గొంతులోకి జారదు, మూడు నాలుగు నిమిషాల్లో బయటికొచ్చేస్తుంది. ఓర్చుకోలేకపోతే చెయ్యెత్తు, వాడు ఆపుతాడు. మళ్లీ తీస్తే ఏమీ అరిగిపోదు. "ఈ వయసులో నాకెందుకు ఇవన్నీ" అని మాత్రం అనకు. నమలకుండా మింగి, కడుపునొప్పి అని దాచుకోవడం కంటే ఇదే నయం.

సరే తమ్ముడూ. ఫైనల్ ఇంప్రెషన్ కోసం ఆ స్టోన్ నమూనా మీద చేసే స్పెషల్ ట్రే కనీసం ఒక రోజు ముందే చేయించు. యాక్రిలిక్ గట్టిపడ్డాక కూడా కొన్ని గంటలపాటు కాస్త కుంచించుకుంటూనే ఉంటుంది. స్పేసర్‌కి (మెటీరియల్ కోసం వదిలే ఎడానికి) ఒక మైనం షీటు చాలు, వెనక పోస్ట్ డ్యామ్ (సెట్టు వెనక అంచు అంగిలిలోకి నొక్కుకునే గట్టు) వచ్చే చోట మాత్రం వేయొద్దు. అంచులు వెస్టిబ్యూల్ (చిగురుకీ బుగ్గకీ మధ్య సందు) లోతుకి 2 మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలి. బుగ్గ లాగినప్పుడు ట్రే కదిలితే ఇంకా పొడుగ్గా ఉన్నట్టే, అరగదీయి. మెత్తటి కండ ఉన్న చోట ట్రేలో కిటికీ కోయించు.

అసలు పని బోర్డర్ మౌల్డింగ్, అంటే కండ కదలికకి తగ్గట్టు ట్రే అంచుల్ని మలచడం. పై సెట్టు పట్టు అంతా అంచుల దగ్గర గాలి చొరబడకపోవడంలోనే ఉంది. గ్రీన్‌స్టిక్ (వేడికి మెత్తబడే కడ్డీ) మంట మీద మెత్తబరచి, అంచుకి అతికించి, నోట్లో పెట్టేముందు గోరువెచ్చటి నీళ్లలో ముంచు. మర్చిపోతే అమ్మ బుగ్గ కాలుతుంది. ఒకేసారి అంతా చేద్దామని చూడకు, ముక్కలు ముక్కలుగా చెయ్యి. పక్కల కోసం బుగ్గని బయటికి, కిందికి, ముందుకి, వెనక్కి కదుపు. ముందు భాగానికి పెదవి లాగి, తర్వాత అమ్మని మూతి ముడవమను. వెనక మూలలకి నోరు బాగా తెరిపించి, దవడ కుడికీ ఎడమకీ కదపమను. ఇది చాలామంది వదిలేస్తారు. అప్పుడు ఆవలించిన ప్రతిసారీ దవడ ఎముక కొన సెట్టు అంచుకి తగిలి, సెట్టు ఊడిపడుతుంది. ప్రతి ముక్కా తీసి చూడు. మెరుపు లేకుండా, గుండ్రంగా ఉంటే కండ దాన్ని తాకిందని అర్థం. నున్నగా మెరుస్తున్నా, అంచు పల్చగా పదునుగా ఉన్నా తాకలేదు, మళ్లీ చెయ్యి.

వెనక హద్దు కోసం "ఆ" అనిపించు. మెత్తటి అంగిలి ఎక్కడ కదలడం మొదలవుతుందో చూసి, రెండు నాచ్‌లనీ కలుపుతూ చెరగని పెన్సిల్‌తో గీయి. అంతకంటే వెనక్కి పోతే డోకు, ముందే ఆగితే పట్టు ఉండదు. అంతా అయ్యాక ట్రే పిడి పట్టుకుని కిందికి లాగి చూడు. తేలిగ్గా ఊడి వస్తే వాష్ మెటీరియల్ (ట్రేలో చివరగా వేసే పల్చటి పూత) కలపకు, ఎక్కడ గాలి పోతోందో వెతుకు.

వాష్‌కి జింక్ ఆక్సైడ్ యూజినాల్ పేస్టు నీకు అలవాటని తెలుసు. అమ్మకి మాత్రం వద్దు. మందులకి నోరు ఎండిపోతోందంటోంది కదా. పొడి చిగురుకి ఆ పేస్టు అంటుకుని చీల్చినంత పని చేస్తుంది, పైగా మంట. అడిషన్ సిలికాన్ (గట్టిపడ్డాక ఆకారం మారని రబ్బరు లాంటి పదార్థం) వాడు. స్పేసర్ తీసేసి, అడ్హెసివ్ రాసి ఆరనిచ్చాక, చుట్టూ మీడియం బాడీ (కాస్త చిక్కటి రకం) వేసి కూర్చోబెట్టు. కిటికీలోకి పొంగింది కత్తిరించి, ట్రే మళ్లీ పెట్టి, మెత్తటి కండ మీద లైట్ బాడీ (పల్చటి రకం) సిరంజితో వదులు. వేలు తగలకూడదు, గాలి ఊదకూడదు, ఏ ఒత్తిడీ లేకుండా దానంతటది గట్టిపడాలి. అడిషన్ సిలికాన్ పుట్టీ ఎప్పుడైనా చేత్తో కలిపితే రబ్బరు గ్లవ్స్ తీసేయి, లేటెక్స్‌లోని గంధకం వల్ల అది గట్టిపడదు.

నాన్న స్కానర్ గురించి అడిగారు. పళ్లు ఉన్న చోట బాగానే వస్తుంది. పళ్లు లేని దవడలో అంచుల దగ్గర కండ ఎలా కదులుతుందో స్కానర్ పట్టలేదు. అమ్మకి కావలసింది అదే. ఖర్చు కోసమో, పాతపద్ధతి మీద మమకారంతోనో చెప్పడం లేదు.

కింది పార్షియల్‌కి (పళ్లు లేని చోటుకే పెట్టే సెట్టుకి) వస్తాను. ముందు ఆరు పళ్లు ఉండి రెండువైపులా వెనక ఖాళీ అంటే కెన్నెడీ క్లాస్ 1. అందరూ ఒక్క ఆల్జినేట్ ఇంప్రెషన్‌తో పని కానిచ్చేసేది ఇక్కడే. పన్ను తన చోట కదిలేది వెంట్రుకవాసి, వెనక చిగురు మాత్రం అంతకంటే చాలా ఎక్కువ అణుగుతుంది. రెంటినీ ఒకే కొలతలో తీస్తే, నమిలేటప్పుడు సెట్టు వెనకవైపు దిగి, కోరపళ్లని మెలితిప్పుతుంది. కొన్నాళ్లకి ఆ కోరపళ్లే కదిలిపోతాయి. కాబట్టి ముందు క్లీనింగ్ చేసి, కోరపళ్ల లోపలివైపు రెస్ట్ సీట్లు (ఫ్రేమ్ ఆనే చిన్న గుంటలు) చెక్కి, ఆ తర్వాతే ఇంప్రెషన్ తియ్యి. ఇంప్రెషన్ అయ్యాక చెక్కితే లోహపు ఫ్రేమ్ కూర్చోదు. పళ్ల మధ్య పెద్ద సందులుంటే మైనంతో మూసేయి, లేకపోతే ఆల్జినేట్ అక్కడ చినుగుతుంది. రెస్ట్ సీట్లలోకి వేలితో ముందే పూయడం మర్చిపోకు, అక్కడ చిన్న బుడగ ఉన్నా ఫ్రేమ్ ఎత్తుగా నిలబడుతుంది. ట్రే పెట్టేటప్పుడు నాలుక పైకి ఎత్తమని, కూర్చున్నాక ముందుకి చాపమని చెప్పు. నాలుకో బుగ్గో ట్రే కిందికి మడతపడి చిక్కుకుందేమో చూసుకో.

ఫ్రేమ్ వచ్చాక, దాని వెనక భాగాలకి చిన్న ట్రేలు అతికించి, రెండోసారి చిగురు కొలత తియ్యి. ఆల్టర్డ్ కాస్ట్ అంటామే, అదే. రెట్రోమోలార్ ప్యాడ్ (కింది దవడ చివరి మెత్తటి దిండు) మీదికి ట్రే రావాలి. బుగ్గ వైపున్న బక్కల్ షెల్ఫే (గట్టి ఎముక అరుగే) బరువు మోసే చోటు, రిడ్జ్ (చిగురు గట్టు) పైకొన కాదు. లోపలి అంచుకి నాలుకని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి కదపమను, తర్వాత బయటికి చాపమను. మెటీరియల్ గట్టిపడేదాకా నీ వేళ్లు రెస్ట్‌ల మీదే ఉండాలి. వెనకవైపు నొక్కావంటే ఇంత శ్రమా వృథా.

ఇంకోటి. ల్యాబ్‌లో అంచులు బాగుంటాయని నునుపు చేసేస్తారు. అచ్చు అంచు చుట్టూ బీడింగ్ మైనం కట్టి, బాక్సింగ్ చేసి (మైనం గోడ కట్టి) స్టోన్ పోయమని నువ్వే దగ్గరుండి చెప్పు. అంచు గుండ్రం కాస్ట్‌లోకి (స్టోన్ నమూనాలోకి) రాకపోతే నువ్వు చేసిన బోర్డర్ మౌల్డింగ్ అంతా పోయినట్టే.

దూరాన కూర్చుని పాఠాలు చెబుతోందని అనుకోకు. ఇది నా చేతుల్తో చేయాల్సిన పని అని నాకు తెలుసు. సెలవు దొరికేదాకా అమ్మని ఆపమనడం న్యాయం కాదు. కింది దవడ ఎముక పైదానికంటే దాదాపు నాలుగింతలు కరుగుతుంది. ఆలస్యం చేసినకొద్దీ పట్టు దొరకదు.

ఫైనల్ తీశాక కడిగి ఆరబెట్టి, లోపలివైపు, రెండు పక్కలు, వెనక అంచు విడివిడిగా ఫోటోలు తీసి పంపు. ట్రే ఎక్కడైనా మెటీరియల్ లోంచి పైకి కనిపిస్తే అక్కడ ఎక్కువ నొక్కినట్టు, ఆ చోటు మీద పెన్సిల్ గుర్తు పెట్టి పంపు. అడిషన్ సిలికాన్ కాబట్టి నా జవాబు వచ్చేదాకా స్టోన్ ఆగొచ్చు. ఆల్జినేట్‌కి మాత్రం నా కోసం చూడకు, వెంటనే పోసేయి. మళ్లీ తీయమంటే విసుక్కోవద్దు, అమ్మకి నేనే ఫోన్ చేసి చెబుతాను.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అక్క