నీటి మట్టం కూడా రాయండి సార్

సంపాదకుడు గారికి నమస్కారం.

సెలవులొస్తున్నాయంటే చాలు, అన్ని పేపర్లలోనూ రిషికేశ్ రాఫ్టింగ్ (గాలి నింపిన రబ్బరు పడవల్లో గంగ మీద పోవడం) గురించి ఒక పేజీ వస్తుంది, ఫొటోలు బాగుంటాయి, ఎక్కడ దిగాలి ఏం తినాలి అన్నీ ఉంటాయి, కానీ గంగలో నీళ్లు ఎంత ఉంటే దిగొచ్చు, ఎంత ఉంటే ఒడ్డునే కూర్చోవాలి అన్న ముక్క మాత్రం నాకెక్కడా కనపడలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

మేం ఆరుగురం ఈ దసరా అయ్యాక శివపురి నుంచి రిషికేశ్ దాకా, అంటే సుమారు 16 కిలోమీటర్లు, వెళ్దామని రెండు నెలలుగా ప్లాన్ చేసుకుంటున్నాం. నలుగురు రాఫ్ట్‌లో, నేనూ మా బావమరిదీ కయాక్‌లలో, అంటే ఒక్కరే తెడ్డేసుకుంటూ నడిపే సన్న పడవల్లో. ఇంకా పైన కౌడియాలా నుంచే మొదలెడదామని మావాడొకడు పట్టుబట్టాడు గానీ ఆ దారిలో వాల్ అనే ర్యాపిడ్ (రాళ్ల మధ్య నీళ్లు ఉరకలేసే చోటు) గ్రేడ్ 4 పైమాటే, ఒకటి తేలిక, ఆరు అత్యంత ప్రమాదం అని లెక్క, మాలో ముగ్గురికి ఈత అంతంత మాత్రం, అందుకే నేను కుదరదన్నాను. శివపురి కింద రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ లాంటివి గ్రేడ్ 3కి కొంచెం అటూ ఇటూ ఉంటాయి, మీడియం లెవెల్ అంటారు. అయితే ఈ మీడియం అన్న మాట నీళ్లని బట్టి మారిపోతుంది. నీళ్లు తక్కువున్నప్పుడు పక్కనుంచి తప్పించుకుపోయే బండే, కాస్త పెరిగాక దాని మీంచి నీళ్లు దూకి వెనక్కి తిరగబడి పడవని పట్టేసుకుంటాయి, ఇంకా పెరిగితే ఆ బండ మునిగిపోతుంది గానీ ఒరవడి పెరిగి ఒడ్డు పక్కన ఆగడానికి జాగా దొరకదు, నీళ్లలో పడ్డవాడు తర్వాతి ర్యాపిడ్ దాకా కొట్టుకుపోతాడు.

భాగీరథి, అలకనంద కలిసి గంగ అయ్యే దేవప్రయాగకి పైన, భాగీరథి మీద టెహ్రీ, కోటేశ్వర్ డ్యాములు, అలకనంద మీద శ్రీనగర్ ప్రాజెక్టు ఉన్నాయి. కరెంటు అవసరాన్ని బట్టి నీళ్లు వదులుతారు కాబట్టి ఒక్క రోజులోనే మట్టం మారొచ్చు. రెండేళ్ల కింద మేం వెళ్లినప్పుడు పొద్దున ఇసుకలో బ్యాగులు పెట్టుకుని టీ తాగిన చోట మధ్యాహ్నానికి మోకాలి లోతు నీళ్లున్నాయి. మమ్మల్ని తీసుకెళ్లిన ఆపరేటర్‌ని అడిగితే పైనుంచి వదిలారు, రోజూ ఉండేదేగా అన్నాడు. రోజూ ఉండేదే అయితే పొద్దున మాకెందుకు చెప్పలేదు? వాళ్లిచ్చిన లైఫ్ జాకెట్ కూడా వదులే, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా వచ్చేసింది, అది కూడా మేమే చూసుకుని మార్పించుకున్నాం.

2014 జూన్ 8 మనం మర్చిపోయే రోజు కాదు కదా సార్. హిమాచల్‌లో బియాస్ నదిలో లార్జీ డ్యామ్ కింద రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది, గేట్లు ఎత్తిన నీళ్లలో కొట్టుకుపోయారు. వాళ్లు పడవ కూడా ఎక్కలేదు.

మట్టం చూసి మసలుకోవడం మనవాళ్లకి కొత్త కూడా కాదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని గోదావరి పక్కన పుట్టిన పిల్లాడైనా చెప్తాడు, వానాకాలంలో శ్రీశైలం ఇన్‌ఫ్లో ఔట్‌ఫ్లో పేపర్లో చూడందే మా నాన్న కాఫీ ముట్టేవారు కాదు. మరి అదే మనం సరదాగా పిల్లల్ని తీసుకుని నదిలోకి దిగేటప్పుడు ఎందుకు అడగం?

మా తమ్ముడు అట్లాంటాలో ఉంటాడు, వాడితో కలిసి పక్క రాష్ట్రం టెన్నెసీలో ఒకోయీ నదికి వెళ్లాను. మిడిల్ ఒకోయీ అనే 8 కిలోమీటర్ల ముక్కలో మామూలుగా నీళ్లు ఉండవు, డ్యామ్ నుంచి చెక్క కాలువలో పవర్‌హౌస్‌కి వెళ్లిపోతాయి, ఆ కాలువ 1913 నాటిది. పడవల కోసం నదిలోకి ఏ రోజు ఎన్ని గంటలకి వదులుతారో ఆ డ్యామ్ నడిపే టీవీఏ అనే ప్రభుత్వ సంస్థ క్యాలెండర్ వేసి ముందే చెప్పేస్తుంది, ఆ రోజుల్లో దాదాపు 1,200 క్యూసెక్కులు. అది చూసుకునే అందరూ సెలవులు పెట్టుకుంటారు. మన దగ్గర అంత కాకపోయినా, రేపు ఎంత వదిలే అవకాశం ఉందో ముందురోజు సాయంత్రానికి ఆన్‌లైన్‌లో పెట్టి, పడవలెక్కే రేవుల్లో అందరికీ కనపడేలా నీటి మట్టం చూపే రంగు గీతల గేజ్ నిలబెట్టలేరా? ప్రాజెక్టుల వాళ్లూ ఉత్తరాఖండ్ పర్యాటక శాఖా కూర్చుంటే పెద్ద ఖర్చు కూడా కాదు.

మీకు నా మనవి ఒక్కటే. ఇకపై రాఫ్టింగ్ పేజీ వేస్తే పక్కన చిన్న బాక్స్ కట్టండి. జులై, ఆగస్టుల్లో వరదకి రాఫ్టింగ్ ఆపేస్తారని, ఏ ముక్క ఏ గ్రేడో, పైన ఏ డ్యామ్ ఉందో రాయండి. నీళ్లలో పడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు ముందుకి పెట్టాలని, నిలబడే ప్రయత్నం చేయొద్దని, కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటే వెనక నీళ్లు మనిషిని వంచి ముంచేస్తాయని కూడా రాయండి.

మేమైతే ట్రిప్‌కి ఒక రోజు కలిపాం. ముందురోజే శివపురి చేరి, ఒడ్డున ఒక బండకి సుద్దతో గీత పెట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా చూసుకుని, మర్నాడు దిగాలా వద్దా అప్పుడు తేల్చుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్