రెండు కార్డుల పాట గురించి

అమ్మలూ,

మీ బ్యాండ్ 'ఐల్ టేక్ యూ దేర్' ఎంచుకుందని రాశావు. మంచి పాట పట్టారు. రెండే కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) కదా, ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుందనుకోకండి. మొదటి నుంచి చివరిదాకా సి, ఎఫ్, అంతే. కొత్త కార్డు వచ్చి ఆదుకునే చోటే లేదు కాబట్టి పాటను మోయాల్సింది నడకే.

దీన్ని పాడిన స్టేపుల్ సింగర్స్ అంటే ఒకే ఇంటివాళ్ళు. తండ్రి రోబక్ 'పాప్స్' స్టేపుల్స్ మిసిసిపీ నుంచి షికాగో చేరి, 1948లో పిల్లల్ని వెంటబెట్టుకుని చర్చిలో పాడటం మొదలుపెట్టాడు. 1972లో వచ్చిన ఈ పాటలో ఆయనతోపాటు కూతుళ్ళు క్లియోథా, ఈవాన్, మేవిస్ ఉన్నారు. ముందుండి పాడేది మేవిస్. రాసింది స్టాక్స్ అనే రికార్డుల కంపెనీ నడిపిన ఆల్ బెల్. ఎవరో కాల్చి చంపిన తన సోదరుడి అంత్యక్రియలకు ఆర్కాన్సా వెళ్ళినప్పుడు ఆయనకు తట్టిన పాట ఇది. ఏడుపూ దిగులూ లేని చోటికి తీసుకెళ్తాననే మాట అక్కడి నుంచి వచ్చింది. అందుకే దీన్ని సరదాగా నవ్వుతూ పాడకు, అలాగని ఏడుపుగొంతూ వద్దు. పక్కన కూర్చుని ధైర్యం చెబుతున్నట్టు పాడు. ఆ ఏడాది జూన్‌లో అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది.

రికార్డు చేసింది అలబామాలోని మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియోలో. డేవిడ్ హుడ్ బేస్ గిటార్, రోజర్ హాకిన్స్ డ్రమ్స్, బ్యారీ బెకెట్ వుర్లిట్జర్ పియానో. మధ్యలో మేవిస్ 'డాడీ' అని పిలవగానే వచ్చే గిటార్ పాప్స్‌దే అనుకుంటారందరూ. వాయించింది ఎడ్డీ హింటన్. తర్వాత ఆవిడ పేరు పెట్టి పిలిచే డేవిడ్ మాత్రం నిజంగా హుడ్డే.

పాట ఎత్తుగడ జమైకాది. 1969లో హ్యారీ జె ఆల్ స్టార్స్ చేసిన 'లిక్విడేటర్' నుంచి తీసుకున్నారు. పాట రాసినవాడిగా ఆల్ బెల్ పేరొక్కటే వేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. వేదిక మీద పరిచయం చేసేటప్పుడు వాళ్ళ పేరూ చెప్పండి.

ఇక సాధన. ముందు బేస్, డ్రమ్స్ మాత్రమే మెట్రోనోమ్ (టక్ టక్‌మని తాళం చూపే పరికరం) పెట్టుకుని పది నిమిషాలు ఆపకుండా వాయించాలి. నాలుగో నిమిషానికి విసుగొచ్చి బేస్ అబ్బాయి కొత్త స్వరాలు చేరుస్తాడు, డ్రమ్మర్ ప్రతి వరస చివరా దరువులు దట్టిస్తాడు, వేగం పెరిగిపోతుంది. పాట చెడేది అక్కడే. స్వరాల మధ్య ఖాళీలు పూడితే రెగె అనే ఆ జమైకా సంగీతపు ఊపు పోతుంది. గిటార్ తాళానికి ఎదురుగా, అంటే ఆఫ్‌బీట్ మీదే పొట్టిగా తగలాలి. తీగ మోగగానే ఎడమచేతి వేళ్ళు వదులు చేస్తే మోత ఆగిపోతుంది.

నీ గొంతుకు సి కుదరకపోతే డి, జి కార్డుల్లోకి మార్చుకోండి. ఈ-ఫ్లాట్ కావాలంటే రెండోది ఏ-ఫ్లాట్. వంత పాడేవాళ్ళు ఇద్దరు చాలు, కానీ నీ మాట తోక మీద పడకూడదు. నువ్వు పూర్తిగా వదిలాకే అందుకోవాలి. వాళ్ళ మైకులు నీకంటే కాస్త వెనక్కి పెట్టించు.

వాద్యాలకు వదిలిన భాగంలో నువ్వు మౌనంగా నిలబడిపోకు. మీవాళ్ళను పేర్లు పెట్టి పిలువు, ఒక్కొక్కరికి ఎనిమిది బార్లు (తాళావర్తాలు) ఇవ్వు. మిగతావాళ్ళు అప్పుడు సగం శబ్దానికి దిగాలి. డ్రమ్మర్‌కు ఈ సంగతి ముందే గట్టిగా చెప్పు.

నాన్న