బాబాయి మిషను సంగతి

ఒరే సత్తిగా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు, కడుపారా తిట్టుకో, తిట్టాకే చదువు. ఇంట్లో అందరం కులాసా. పాపకి పళ్లొస్తున్నాయి. జీడిపిక్కల ధర మాత్రం అడక్కు.

అసలు సంగతి ఇది. బాబాయికి కిడ్నీలు పోయాయి కదా, ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్, అంటే మిషనుతో రక్తం శుభ్రం చేయడం, ఒక్కోసారి నాలుగ్గంటలు. తోడు నేనే. మొన్న టెక్నీషియన్ కుర్రాడు తీరిగ్గా దొరికాడు. వదుల్తానా? టాకీసు ప్రొజెక్టర్ గది కేసు నీకు తెలిసిందే కదా!

ముందు బరువు చూస్తారు. బాబాయి ఉండాల్సింది 52 కిలోలు, తూగింది 55. ఆ మూడు కిలోలూ ఒంట్లో నిలిచిపోయిన నీళ్లేరా. చేతిమీద ధమనినీ సిరనీ కలిపి కుట్టారు, ఫిస్టులా అంటారు. బాబాయి నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. లోపల జుమ్మని ఒకటే అదురు! అక్కడే రెండు సూదులు, ఒకటి రక్తం లాగడానికి, ఒకటి తిరిగి ఎక్కించడానికి. గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు.

మిషనుకి తగిలించిన జానెడు గొట్టంలో ఉంది తమాషా అంతా. వెంట్రుకంత సన్నటి బోలు పోగులు సుమారు 10,000. లోపల రక్తం ఇటు పోతుంటే, బయట మందునీళ్లు అటు ఎదురొస్తాయి. రక్తంలో యూరియా, క్రియాటినిన్ అనే మలినాలు ఎక్కువ, ఆ నీళ్లలో అసలుండవు. అందుకని పోగు గోడలోని రంధ్రాల్లోంచి వాటంతటవే ఇవతలికి వచ్చేస్తాయి. రక్తకణాలు ఆ రంధ్రాల్లో పట్టవు. ఎదురెదురుగా ఎందుకురా అంటే, రక్తం శుభ్రపడేకొద్దీ ఇంకా శుభ్రమైన నీళ్లు తగులుతాయిట. బైకార్బనేట్ మాత్రం రివర్సు, నీళ్లలోంచి రక్తంలోకి వచ్చి ఆమ్లాన్ని విరుస్తుంది.

ఒంట్లో నీళ్లు తీయడం వేరే లెక్క. అది ఒత్తిడితో లాగడమే. 3 లీటర్లంటే గంటకి 750 మిల్లీలీటర్లు. జోరు ఎక్కువైతే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. మొన్న చివర్లో బాబాయికి పట్టేసింది. పాదం వంచి పట్టుకున్నానుగానీ, ఆయన మొహం... సరే, వదిలెయ్.

మందునీళ్లు నిమిషానికి అర లీటరు. ఒక్క పూటకి 120 లీటర్లురా! మన ఉద్దానంలో, ఆ బిందెల వరసలు చూసిన ఊళ్లో! ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇంకా ఎవరూ తేల్చలేదు.

ఇంకోటి. కొబ్బరినీళ్లు నిషేధం. వాటిలో పొటాషియం ఎక్కువ, పేరుకుంటే గుండెకే ప్రమాదం. చుట్టూ కొబ్బరిచెట్లు పెట్టుకుని! "తోట నాది, బోండాలు నీవిరా" అని నవ్వుతాడు. నువ్వొస్తే మాత్రం ఆయన ముందు తాగకు, పాత పందెం సంగతి అసలెత్తకు, ఎందుకంటే పిన్ని...

సిస్టరు పిలుస్తోంది. సూదులు తీసేశారట, నేనెళ్లి దూది నొక్కిపట్టాలి. మిగతాది మళ్లీ రాస్తాను.

నీ
బుజ్జిగాడు