అల ధరల్లో ఉందా, సగటులో ఉందా?

అమ్మలూ,

ధాన్యం ధరల్లో యాభై ఏళ్లకో అల కనిపించిందని నువ్వు పంపిన గ్రాఫ్ చూశాను. అందంగానే ఉంది. కానీ ఆ అల ధరల్లో ఉందో, నువ్వు తీసిన సగటులో ఉందో ముందు తేల్చుకో.

మాస్కోలో ఆర్థికవేత్త కొండ్రాటియెవ్ 1920ల్లో చేసింది కూడా ఇలాంటి పనే. దీర్ఘకాలపు వాలును తీసేసి, తొమ్మిదేళ్ల చలన సగటుతో, అంటే ఒక్కో ఏడాది జరుపుతూ తొమ్మిదేసి ఏళ్లకు తీసిన సగటుతో, చిన్న కుదుపుల్ని చదును చేసి, సుమారు యాభై ఏళ్ల అలలు చూపించాడు. చేతిలో ఉన్నవి రెండున్నర అలలే. ఆయన సంస్థలోనే పనిచేసిన స్లుట్‌స్కీ 1927లో లాటరీ అంకెలు తీసుకుని, పదేసి చొప్పున కూడుతూ పోయాడు. లాటరీకి చరిత్ర ఏముంటుంది? అయినా బ్రిటన్ వ్యాపార చక్రాలను పోలిన ఎగుడుదిగుళ్లు వచ్చాయి!

నువ్వూ చేసి చూడు. స్ప్రెడ్‌షీట్‌లో 200 యాదృచ్ఛిక అంకెలు పెట్టు. పక్కన మొదటి పదింటి మొత్తం, దాని కింద రెండు నుంచి పదకొండు దాకా మొత్తం, అలా చివరిదాకా. పక్కపక్క మొత్తాల్లో పదింట తొమ్మిది అంకెలు ఉమ్మడి. అందుకే ఎక్కిన గీత ఒక్కసారిగా దిగదు, మెల్లగా ఒంగుతుంది.

ఇక అసలు పరీక్ష. ఈ ఏటి ధరకూ నిరుటి ధరకూ ఉన్న సహసంబంధం, అంటే ఒకటి మారితే రెండోది ఎంతగా దాని వెంట నడుస్తుందో, లెక్కగట్టి, అంతే సంబంధం ఉన్న ఉత్తుత్తి వరుసలు వెయ్యి తయారుచెయ్యి. పొడవు నీ డేటా అంతే ఉండాలి, వాలు తీయడం, సగటు కూడా అచ్చం నువ్వు చేసినట్టే. మామూలు యాదృచ్ఛిక అంకెలతో సరిపెట్టకు. ధరలకు నిరుటి జ్ఞాపకం ఉంటుంది, అది లేని వరుసలతో పోలిస్తే నీ అల లేనిపోని గొప్పగా కనిపిస్తుంది. వెయ్యిలో మూడు వందలు నీ అలంత ఎత్తు లేస్తే దాన్ని వదిలెయ్. యాభైకి లోపైతే కారణం వెతుకు.

కారణమంటే సమీకరణమే. మదనపల్లె టమాటానే తీసుకో: నిరుటి ధర చూసి ఈసారి నాటుతారు. ధర = 60 − 4 × సరుకు, సరుకు = 1 + 0.2 × పాత ధర అనుకో. 4 × 0.2 = 0.8, ఒకటికి లోపు, కాబట్టి ఊపు తగ్గుతూ పోతుంది. 0.2 బదులు 0.3 పెడితే 1.2, ఊపు పెరుగుతూ పోతుంది. రెండింటిలోనూ చక్రం రెండు పంటలకే తిరుగుతుంది, యాభై ఏళ్ల అల ఇందులోంచి పుట్టదు. నీ అలకు వేరే యంత్రాంగం కావాలి, దాని నిడివి ఆ యంత్రాంగం నుంచే రావాలి.

వెయ్యి వరుసల ఫలితం రాగానే పంపు, ఎత్తు ఎలా కొలిచావో కూడా రాయి.

నాన్న