డిఫెండర్ కదిలితే ఫౌలేనా?

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. ఎంవీపీ కాలనీలో మన పిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు జరిగేటప్పుడు, "డిఫెండర్ కదిలాడు, ఫౌల్ అతనిదే" అన్న అభ్యంతరం తరచూ వినిపిస్తోంది. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో అలా లేదు. డిఫెండర్, అంటే అడ్డుకునే ఆటగాడు, ప్రత్యర్థికి ఎదురుగా రెండు పాదాలూ నేలపై ఆనించి ఒకసారి సరైన స్థానం తీసుకున్నాక, దాన్ని నిలబెట్టుకోవడానికి పక్కకు గానీ వెనక్కు గానీ జరగవచ్చు, ఉన్నచోటే నిటారుగా పైకి ఎగరవచ్చు. అప్పుడు బంతితో వచ్చిన ఆటగాడు అతని ఛాతీని ఢీకొంటే అది ఛార్జింగ్, అంటే ఢీకొన్నవాడి ఫౌల్. రిఫరీ పిడికిలితో అరచేతిని కొట్టి చూపిస్తారు. కానీ ప్రత్యర్థి గాలిలోకి లేచిన తరువాత అతని దారిలోకి జరిగితే తప్పు డిఫెండర్‌దే. పిల్లలకు ఇక్కడ గాయాలయ్యే ప్రమాదం ఉంది కనుక ఈ తేడాను వారికి ఓపికగా నేర్పాలి. రిఫరీ చూపు బంతి మీద కాక డిఫెండర్ మీద ఉండడానికి కారణం కూడా ఇదే.

ఇక మరో రెండు నిబంధనలు. బంతితో నేలపై పడి జారడం ట్రావెలింగ్ (బంతి పట్టుకుని నియమవిరుద్ధంగా కదలడం) కాదు. బంతి పట్టుకుని దొర్లినా, లేచి నిలబడినా ట్రావెలింగే. తమ జట్టు బంతితో దాడి చేస్తున్నప్పుడు ప్రత్యర్థి బుట్ట ముందున్న గీతల ప్రాంతంలో (పెయింట్) వరుసగా మూడు సెకన్లకు మించి ఉండకూడదు; అయితే ఆ గడువు దాటినా, అక్కడి నుంచి బయటికి వెళ్లే ప్రయత్నంలో ఉన్న ఆటగాడికి వెసులుబాటు ఉంటుంది.

సందేహం వస్తే ఆట ఆగి, గడియారం నిలిచినప్పుడు ఆటగాళ్లలో కెప్టెన్ మాత్రమే వెళ్లి రిఫరీని మర్యాదగా అడగాలి.